జమాఖర్చులకు కంప్యూటర్: ఎంపికలో మెలకువలు

ఉక్కు అనగానే మన దేశపటంలో ముందుగా గుర్తుకు వచ్చే ఊళ్ళలో భిలాయ్ ఒకటి. నాటి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడ ఉక్కు కర్మాగారాన్ని నిర్మించారు. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉన్న ఈ ఊరు 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉంది. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలుపుతుంది. పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఒక పెద్ద కర్మాగారం చుట్టూ ఎన్నో చిన్న కర్మాగారాలు పుట్టుకొస్తాయి. భిలాయ్ పారిశ్రామిక వాడల్లో లేత్ మిషన్లు, వెల్డింగ్ షెడ్లు, చిన్న పోత కర్మాగారాలు పనిచేస్తుంటాయి. పిన్నులు, బుష్‌లు, బోల్టులు, యంత్రాల విడిభాగాలు వీటిలో తయారవుతాయి. ఇటువంటి షెడ్డులో పనివాడు మిల్లీమీటరులో వందో వంతు తేడాను కూడా పట్టుకోగలడు. కాని ఈ నెల మనకు లాభమా నష్టమా అని అడిగితే యజమాని చాలాసార్లు వెంటనే జవాబు చెప్పలేడు. బిల్లులు సొరుగులో ఉంటాయి, బాకీలు మనసులో ఉంటాయి. అప్పుడే "కంప్యూటర్‌లో లెక్కలు పెడదాం" అనే ఆలోచన వస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? పక్క షెడ్డువారు వాడేదా, అన్నిటికన్నా చవకైనదా? ఈ రెండు కొలబద్దలూ చాలవు. అసలు లెక్క అంటే ఏమిటో తెలుసుకుంటేనే సరైన కొలబద్ద దొరుకుతుంది.

జంటపద్దు విధానం

1494లో వెనిస్ నగరంలో లూకా పాచోలీ అనే ఇటలీ గణితవేత్త పుస్తకం ఒకటి అచ్చయింది. అందులో ఒక భాగం వ్యాపార లెక్కల గురించి. అప్పటికే ఇటలీ వర్తకులు వాడుతున్న పద్ధతిని ఆయన అందులో క్రమబద్ధంగా వివరించాడు. దీనినే మన వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలు జంటపద్దు విధానం అంటాయి. నేటి లెక్కల సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ వాటికి పునాది ఇదే.

దీని సూత్రం చాలా సులువు. ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలు ఉంటాయి. ఒక వర్క్‌షాపు రూ. 60,000 ఉక్కును అరువుకు తెచ్చిందనుకుందాం. సరుకు ఖాతాలో 60,000 డెబిట్, ఉక్కు అమ్మినవారి ఖాతాలో 60,000 క్రెడిట్ రాయాలి. సరుకు వచ్చింది, దానితోపాటు అప్పూ వచ్చింది. ఇలా రాసుకుంటూ పోతే ఎప్పుడు కూడినా డెబిట్ల మొత్తం క్రెడిట్ల మొత్తానికి సమానం కావాలి. ఖాతా నిల్వలన్నిటినీ ఒకచోట చేర్చి సరిచూసే పట్టికను అంకణా అంటారు.

చేత్తో రాసే రోజుల్లో అంకణా తప్పులు పట్టే సాధనంగా కూడా పనిచేసేది. గుమాస్తా ఒకచోట 5,400 అని, రెండో చోట పొరపాటున 4,500 అని రాశాడనుకోండి. తేడా 900. రెండు పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 10a+b నుంచి 10b+a తీసివేస్తే 9(a−b) మిగులుతుంది కదా! అందుకే తేడా 9తో భాగించబడితే అనుభవం ఉన్న గుమాస్తాలు ముందుగా తారుమారైన అంకెల కోసం వెతుకుతారు.

కంప్యూటర్ చేయలేని పని

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. సాఫ్ట్‌వేర్‌లో మనం మొత్తాన్ని సాధారణంగా ఒక్కసారే కొడతాం. అదే అంకె డెబిట్ వైపుకూ క్రెడిట్ వైపుకూ చేరుతుంది. కనుక 5,400 బదులు 4,500 కొట్టినా రెండు వైపులా 4,500 పడి అంకణా చక్కగా సరిపోతుంది. చేతి లెక్కలో బయటపడే తప్పు కంప్యూటర్ లెక్కలో దాగిపోతుంది. "కంప్యూటర్‌లో సరిపోయింది కాబట్టి లెక్క సరైనదే" అనుకోవడం ఇందుకే ప్రమాదం. ఒక వ్యవహారాన్ని అసలు రాయకపోయినా, వేరే ఖాతాలో రాసినా అంకణా ఏమీ చెప్పదు.

ఈ తప్పులను పట్టుకోవాలంటే మన పుస్తకాన్ని బయటివారి పుస్తకంతో పోల్చి చూడాలి. బ్యాంకు ఇచ్చే లావాదేవీల పట్టిక అటువంటిది. మనకు సరుకు అమ్మినవారు ప్రకటించిన బిల్లుల ఆధారంగా జీఎస్‌టీ పోర్టల్ ప్రతినెలా తయారుచేసే జీఎస్‌టీఆర్‌-2బి పట్టిక మరొకటి. ఈ రెండింటితోనూ పోల్చి, సరిపోని పద్దులను వేరుచేసి చూపగలగడం మంచి సాఫ్ట్‌వేర్ మొదటి లక్షణం.

పైసల విషయంలో మరో చిక్కు ఉంది. కంప్యూటర్ ద్విసంఖ్యామానంలో లెక్కిస్తుంది. దశాంశ పద్ధతిలో మూడింట ఒకటి 0.333... అని ఎలా అంతులేకుండా సాగుతుందో, ద్విసంఖ్యామానంలో పదింట ఒకటి అలాగే అంతులేకుండా సాగుతుంది. పైథాన్ భాషలో 0.1 + 0.2 ఎంత అని అడిగి చూడండి. 0.30000000000000004 అని వస్తుంది. వేల పద్దులు కలిపేటప్పుడు ఇటువంటి అతి చిన్న తేడాలు పోగుపడకుండా, జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు డబ్బును పూర్ణాంకాలుగా పైసల్లో గాని, ప్రత్యేక దశాంశ పద్ధతిలో గాని దాచుకుంటాయి.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు

చిన్న పరిశ్రమకు లెక్కలు ఎందుకు ప్రాణప్రదమో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

ఒక వర్క్‌షాపుకు 400 ఉక్కు పిన్నుల ఆర్డరు వచ్చింది. ఒక్కో పిన్ను బరువు 2 కిలోలు, ధర రూ. 250. ఇందుకు 1,000 కిలోల ఉక్కును కిలో రూ. 60 చొప్పున నగదు ఇచ్చి కొన్నారు. పిన్నుల్లోకి 800 కిలోలు పోగా 200 కిలోలు లేత్ మీద తురుముగా, ముక్కలుగా మిగిలాయి. ఆ తుక్కును కిలో రూ. 30 చొప్పున వెంటనే నగదుకు అమ్మారు. కూలి, కరెంటు వగైరా ఖర్చు రూ. 30,000. ఉక్కు, పిన్నులు, తుక్కు అన్నిటి మీదా జీఎస్‌టీ 18 శాతం.

ముందు లాభం లెక్కిద్దాం. అమ్మకం 1,00,000. ఉక్కు ఖర్చు 60,000 నుంచి తుక్కు రాబడి 6,000 తీసేస్తే 54,000. దానికి 30,000 కలిపితే మొత్తం ఖర్చు 84,000. లాభం రూ. 16,000. తుక్కు లెక్క రాయకపోతే పిన్నుకు పడిన ఉక్కు ఖర్చు 135 రూపాయలకు బదులు 150 అని కనిపిస్తుంది. రాబోయే టెండరులో ధర ఎక్కువ వేసి ఆర్డరు పోగొట్టుకోవడానికి ఆ 15 రూపాయలు చాలు.

ఇప్పుడు చేతిలోని డబ్బు చూద్దాం. ఉక్కుకు పన్నుతో కలిపి 70,800, కూలి వగైరాకు 30,000, వెరసి 1,00,800 బయటికి పోయింది. తుక్కుకు పన్నుతో కలిపి 7,080 వచ్చింది. అంటే 93,720 తగ్గింది. ఇక పన్ను: పిన్నుల మీద 18,000, తుక్కు మీద 1,080, మొత్తం 19,080 ప్రభుత్వానికి చెల్లించాలి. ఉక్కు కొన్నప్పుడు కట్టిన 10,800 మినహాయించుకుంటే మిగిలేది 8,280. నెలనెలా రిటర్ను వేసేవారు దీనిని మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. పిన్నులు కొన్నవారు డబ్బు ఇచ్చారా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. కనుక కొన్నవారి 1,18,000 చేతికి వచ్చేదాకా ఈ ఒక్క ఆర్డరులో రూ. 1,02,000 ఇరుక్కుపోయి ఉంటుంది. ఒకేసారి ఇటువంటి ఆర్డర్లు మూడు వస్తే ఇరుక్కునేది మూడు లక్షల పైమాటే. పుస్తకంలో లాభం కనిపిస్తూనే కూలి ఇవ్వడానికి డబ్బు లేక మూతపడే షెడ్లు ఉండేది ఈ కారణంగానే.

చట్టం ఇక్కడ కొంత రక్షణ ఇస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోగా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. కాని ఈ హక్కును అడగాలంటే ఏ బిల్లు ఏ తేదీది, సరుకును ఎప్పుడు అంగీకరించారు, ఎన్ని రోజులు గడిచాయి అన్నది వెంటనే చూపగలగాలి. బాకీలను 15 రోజులు, 30 రోజులు, 45 రోజులు దాటినవిగా వేరుచేసి చూపే పట్టిక ఇందుకు అవసరం. ఇది లేని సాఫ్ట్‌వేర్ ఇటువంటి వర్క్‌షాపుకు పనికిరాదు.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

మొదటిది పన్ను గురించి. 2017 జులై 1న జీఎస్‌టీ అమలులోకి వచ్చింది. ప్రతి నమోదిత వ్యాపారికీ 15 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. ఛత్తీస్‌గఢ్‌కు 22, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది అక్షరాలు పాన్ సంఖ్య. చిట్టచివరి అక్షరాన్ని ముందున్న 14 అక్షరాల నుంచి ఒక గణిత సూత్రంతో లెక్కకడతారు. మధ్యలో ఒక్క అక్షరం తప్పు కొట్టినా చివరి అక్షరం పొసగదు. సాఫ్ట్‌వేర్ ఈ పరీక్ష తానే చేస్తుందో లేదో చూడండి. భిలాయ్ నుంచి రాయపూర్‌కు అమ్మితే 18 శాతాన్ని కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా విడదీయాలి. విశాఖపట్నానికి అమ్మితే మొత్తం 18 శాతం సమీకృత పన్ను వేయాలి. ఇది గుమాస్తా జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

రెండవది పన్ను కోతల గురించి. ప్రభుత్వ రంగ సంస్థలు రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టులపై సరుకు విలువలో 2 శాతం జీఎస్‌టీ కింద కోసి మిగతాది చెల్లిస్తాయి. 2018 అక్టోబరు నుంచి ఈ పద్ధతి ఉంది. మూడు లక్షల బిల్లులో ఇది 6,000 రూపాయలు. ఇది పోయిన డబ్బు కాదు. పోర్టల్‌లో మన ఖాతాకు చేరుతుంది, పన్ను కట్టడానికి వాడుకోవచ్చు. 2024 అక్టోబరు 10 నుంచి నమోదిత వ్యాపారుల మధ్య లోహపు తుక్కు అమ్మకాలకు కూడా ఇటువంటి కోత వర్తిస్తోంది. ఈ మొత్తానికి విడి ఖాతా లేకపోతే అది రాని బాకీలాగా మిగిలిపోయి, కొన్నాళ్లకు మరుగున పడుతుంది.

మూడవది సరుకు కొలతల గురించి. ఉక్కును కిలోల్లో కొని, మీటర్లలో కోసి, పిన్నులుగా లెక్కపెట్టి అమ్ముతారు. గుండ్రటి కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుందని షెడ్డుల్లో అందరికీ తెలుసు. 50 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 2,500ను 162తో భాగించగా సుమారు 15.43 కిలోలు. ఒకే వస్తువుకు ఇలా రెండు మూడు కొలమానాలను, వాటితోపాటు తుక్కును లెక్కలోకి తీసుకోగలదా అని అడగాలి. కిరాణా దుకాణానికి సరిపోయే సాఫ్ట్‌వేర్ ఇక్కడే తప్పిపోతుంది.

నాలుగవది జాబ్ వర్క్ గురించి. కొన్నిసార్లు ఉక్కు ఇచ్చేది పని చేయించుకునేవారే. షెడ్డువారు కోసి, చెక్కి తిరిగి పంపుతారు. ఆ ఉక్కు షెడ్డులోనే ఉన్నా షెడ్డు ఆస్తి కాదు. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం అటువంటి ముడిసరుకు సాధారణంగా ఏడాదిలోగా తిరిగి వెళ్ళాలి. మన సరుకునూ, పరుల సరుకునూ వేరువేరుగా చూపలేని సాఫ్ట్‌వేర్ మన ఆస్తిని లేనిపోనిదిగా పెంచి చూపుతుంది.

అయిదవది దిద్దుబాట్ల జాడ. పాత పద్దును ఎవరైనా మారిస్తే ముందు ఏమి ఉండేది, ఎవరు, ఎప్పుడు మార్చారు అన్నది నిలిచి ఉండాలి. కంపెనీలుగా నమోదైనవారికి 2023 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టరీత్యా తప్పనిసరి. సొంత వ్యాపారులకు ఆ నియమం లేకపోయినా, సిరాతో రాసిన పుస్తకంలో కొట్టివేత ఎలా కనిపించేదో అలా కనిపించడం అందరికీ మంచిది.

ఆరవది బయటికి వచ్చే దారి. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఆరేళ్లలో కంప్యూటర్ పాడుకావచ్చు, సాఫ్ట్‌వేర్ సంస్థే తప్పుకోవచ్చు. అమెరికాకు చెందిన ఇన్‌ట్యూట్ సంస్థ తన క్విక్‌బుక్స్ సాఫ్ట్‌వేర్‌ను 2023లో భారతదేశంలో నిలిపివేసింది. దానిని వాడుతున్నవారు తమ సమాచారాన్ని దింపుకుని వేరే చోటికి మారవలసి వచ్చింది. కనుక పద్దులన్నిటినీ సాధారణ పట్టిక రూపంలో ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసుకోగలమా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. వారానికి ఒకసారైనా నకలు తీసి షెడ్డులో కాకుండా వేరే చోట ఉంచాలి.

ఏ రకం ఎవరికి?

కాగితపు పుస్తకం నెలకు పది ఇరవై బిల్లులు ఉన్నవారికి ఇప్పటికీ సరిపోతుంది. ఎక్సెల్ గాని, ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ కాల్క్ గాని లెక్కలు నేర్చుకోవడానికి, ధరలు అంచనా వేయడానికి బాగుంటాయి. అయితే అవి జంటపద్దు నియమాన్ని తమంత తాము పాటించవు. ఒక గడిలోని సూత్రం చెరిగిపోయినా హెచ్చరించకపోవచ్చు.

కంప్యూటర్‌లో అమర్చుకునే సాఫ్ట్‌వేర్లలో మన దేశంలో పేరున్నది ట్యాలీ. 1986లో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా బెంగళూరులో ప్రారంభించిన సంస్థ దీనిని తయారుచేసింది. బిజీ, మార్గ్ అనేవీ ఈ కోవలోవే. వీటికి ఇంటర్నెట్ లేకపోయినా రోజువారీ పని ఆగదు. ట్యాలీ తెలిసిన గుమాస్తాలు, ఆడిటర్లు సులువుగా దొరకడం కూడా ఒక లాభమే. ఇంటర్నెట్ ద్వారా పనిచేసే జోహో బుక్స్ వంటివి మరో రకం. యజమాని ఎక్కడున్నా ఫోనులో లెక్క చూసుకోవచ్చు, నకలు తీసే బాధ్యత చాలావరకు సంస్థదే. కాని చందా కడుతూ ఉండాలి, ఇంటర్నెట్ నమ్మకంగా ఉండాలి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మూడవ రకం. గ్నూక్యాష్ జంటపద్దును శుద్ధంగా పాటిస్తుంది, కాబట్టి విద్యార్థులు నేర్చుకోవడానికి చక్కటిది. అయితే భారత జీఎస్‌టీ కోసం ప్రత్యేకంగా తయారైనది కాదు. ముంబయిలో పుట్టిన ఇఆర్‌పినెక్స్ట్‌లో సరుకు, ఉత్పత్తి, జీఎస్‌టీ ఏర్పాట్లు ఉన్నాయి. దానిని అమర్చి నడపడానికి కొంత కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్నవారు కావాలి.

ధర పోల్చేటప్పుడు పెట్టె మీద వేసిన ధర ఒక్కటే చూడకూడదు. అయిదేళ్లకు కొనుగోలు, ఏటేటా చందా, నేర్చుకునే ఖర్చు, రోజూ పద్దులు కొట్టేవారి కాలం, అన్నీ కలపాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ రోజుకు గంట ఎక్కువ తీసుకుంటే అది ఉచితం కాదు.

పొలం లెక్క తీరు వేరు

భిలాయ్ ఉన్న దుర్గ్ జిల్లాలో వరి, కూరగాయలు పండించేవారూ ఎక్కువే. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కనుక రైతుకు లెక్క పన్ను కోసం కాదు, ఏ మడి లాభమో తెలుసుకోవడానికి కావాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది గాని పైరు ఆ తేదీ చూసి కోతకు రాదు. యాసంగి పంటకు పెట్టిన పెట్టుబడి ఒక సంవత్సరంలో, రాబడి మరో సంవత్సరంలో పడవచ్చు. ఇంటి విత్తనం, సొంత పశువుల ఎరువు, ఇంటివారి కష్టం డబ్బు రూపంలో కనిపించవు. అందుచేత పొలానికి కావలసినది పంటల వారీగా, మడుల వారీగా ఖర్చును విడదీసే ఏర్పాటు. అది ఉంటే నోటుపుస్తకమైనా పనిచేస్తుంది. అది లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఒకే పెద్ద మొత్తాన్ని చూపి ఊరుకుంటుంది.

పరీక్షించి కొనండి

చాలా సాఫ్ట్‌వేర్లను కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడవచ్చు. మీ ఇంట్లో గాని, తెలిసినవారి వద్ద గాని చిన్న వ్యాపారం ఉంటే ఈ ప్రయోగం చేయండి. గడిచిన నెల బిల్లులన్నీ తీసుకుని రెండు సాఫ్ట్‌వేర్లలో ఎక్కించండి. పైన చెప్పిన 400 పిన్నుల ఉదాహరణను కూడా ఎక్కించి లాభం 16,000, కట్టవలసిన పన్ను 8,280 వస్తున్నాయో లేదో చూడండి. కావాలని ఒక గుర్తింపు సంఖ్యలో ఒక అక్షరం తప్పు కొట్టండి. ఒక పాత బిల్లును మార్చి, దాని జాడ మిగిలిందేమో వెతకండి. సమాచారమంతా బయటికి తీసి, నకలు నుంచి మరో కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా, రోజూ పద్దులు రాయబోయే మనిషినే కుర్చీలో కూర్చోబెట్టి చూడండి. ఆ మనిషికి అర్థమయ్యే భాషలో తెర కనిపిస్తోందా, బిల్లు కొట్టడానికి ఎంతసేపు పడుతోంది అన్నది గడియారం పెట్టి కొలవండి.

కొన్న తరువాత కూడా పాత పుస్తకాన్ని వెంటనే మూసివేయకూడదు. రెండు మూడు నెలలు పుస్తకంలోనూ కంప్యూటర్‌లోనూ రాసి, నెలాఖరున బ్యాంకు నిల్వ, సరుకు నిల్వ, రావలసిన బాకీలు ఈ మూడూ సరిపోయాకే పూర్తిగా మారాలి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1 ఈ మార్పుకు అనువైన రోజు. ఆ రోజున ఎక్కించే ప్రారంభ నిల్వలు తప్పయితే ఏడాది పొడుగునా తప్పే వస్తుంది. కాబట్టి సరుకును తూచి, లెక్కపెట్టి, బాకీదారులతో మాట్లాడి నిర్ధారించుకున్నాకే వాటిని ఎక్కించండి.